దారి మూశారు, ఎటు పోదాం?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ముప్పావు వంతు ఎల్లోస్టోన్ గురించే. వేసవి టికెట్లు కొనుక్కునే కాలం కదా. నేను ఐడహో ఫాల్స్‌లో పందొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. వెస్ట్ ఎల్లోస్టోన్ గేటు మా ఇంటికి 108 మైళ్లు. నేషనల్ పార్క్‌కి రెండు గంటల దూరంలో ఇల్లుంటే చుట్టాలు వాళ్లంతట వాళ్లే పెరుగుతారు. వచ్చిన ప్రతివాళ్లనీ తిప్పడం, తిప్పలేనప్పుడు ఫోన్లో దారి చెప్పడం నా పని అయిపోయింది. ఈ శీర్షికకి నా అర్హత అంతే.

సాల్ట్ లేక్ సిటీలో దిగి వ్యాన్ అద్దెకి తీసుకుంటున్నాం. మేం నలుగురం, అమ్మానాన్న. పార్కుకి దక్షిణాన వ్యోమింగ్‌లో ఉన్న జాక్సన్‌లో గదుల రేట్లు చూసి బెంబేలెత్తి, కొండకి ఇవతల ఐడహో వైపున్న డ్రిగ్స్‌లో నాలుగు రాత్రులు బుక్ చేశాం. ఆ కొండ మీది టీటన్ పాస్ రోడ్డు 2024లో కూలిపోయిందని ఎవరో చెప్పారు. అప్పట్నుంచీ టెన్షన్. మళ్లీ మూస్తే ఏ దారిన వెళ్లాలి? డ్రిగ్స్ క్యాన్సిల్ చెయ్యమంటారా?
- ఒక పాఠకుడు, డాలస్

క్యాన్సిల్ చెయ్యకండి. ముందు ఆ సంగతేమిటో చెప్తాను.

2024 జూన్ 6న టీటన్ పాస్ రోడ్డు మీద ఒక మలుపులో పగులు కనిపించింది. మర్నాడు అదే రోడ్డు మీద ఇంకోచోట బురద వచ్చి పడింది. దాంతో రోడ్డు మూసేశారు. 8వ తేదీ తెల్లారేసరికి పగులిచ్చిన మలుపు మొత్తం కిందికి జారిపోయింది. అప్పటికే మూసి ఉంది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. జారిన చోటికి లోపలివైపున వ్యోమింగ్ రోడ్ల శాఖ తాత్కాలికంగా దారి వేసి జూన్ 28కల్లా కార్లు వదిలింది. మూడు వారాలు. నేనైతే మూడు నెలలు పడుతుందనుకున్నాను.

ఆ మూడు వారాలూ మా ఊళ్లోవాళ్లు జాక్సన్ వెళ్లడానికి పెద్దగా ఇబ్బంది పడలేదు. ఐడహో ఫాల్స్ నుంచి 26వ నంబరు హైవే మీద స్వాన్ వ్యాలీ దాకా వెళ్తాం. అక్కడ ఎడమకి తిరిగితే విక్టర్, ఆ తర్వాత టీటన్ పాస్. తిరక్కుండా నదిని పట్టుకుని నేరుగా పోతే ఆల్పైన్, అక్కడినుంచి 89 మీద జాక్సన్. ఆ రెండింటికీ తేడా పదిహేను, ఇరవై మైళ్లు, అంతే. అదే విక్టర్‌లో కాపురముండి రోజూ జాక్సన్‌లో పనికెళ్లేవాళ్లకి 24 మైళ్ల దారి ఎనభై మైళ్లు దాటిపోయింది. కొండ దిగితే వచ్చే ఊరికి మళ్లీ స్వాన్ వ్యాలీ దాకా వెనక్కి వచ్చి, ఆల్పైన్ మీదుగా చుట్టి వెళ్లాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

కూలింది ఒకటే రోడ్డు. మాకు పావుగంట, వాళ్లకి గంటకి పైన. దారి ఎక్కడ తెగిందన్నదానికంటే, తెగిందని తెలిసేటప్పటికి మీరెక్కడున్నారన్నది ముఖ్యం. స్వాన్ వ్యాలీ కూడలికి ముందు తెలిస్తే అది వార్త. విక్టర్‌కి చేరాక తెలిస్తే అది కష్టం.

మీ విషయానికొస్తే, సాల్ట్ లేక్ నుంచి డ్రిగ్స్‌కి రావడానికి టీటన్ పాస్‌తో పని లేదు. ఐ-15 మీద ఐడహో ఫాల్స్ దాకా వచ్చి అటు తిరగడమే. డ్రిగ్స్ నుంచి ఎల్లోస్టోన్ చూడ్డానికి కూడా జాక్సన్ వెళ్లక్కర్లేదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. డ్రిగ్స్ నుంచి ఉత్తరానికి టెటోనియా, 32వ నంబరు రోడ్డు మీద యాష్టన్, అక్కడ 20 ఎక్కితే వెస్ట్ ఎల్లోస్టోన్. దాదాపు వంద మైళ్లు, రెండు గంటలు. వేడినీళ్లు పైకి చిమ్మే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కి మీకు అదే మంచిది. పాస్ దాటాల్సింది జాక్సన్ పక్కనున్న ఇంకో పార్కు, గ్రాండ్ టీటన్ చూసే రోజుల్లోనే. నాలుగు రోజుల్లో ఆ పనికి రెండ్రోజులు పెట్టుకుని ఉంటారు. ఆ రెండ్రోజులు మాత్రం పొద్దున బయల్దేరేముందు వ్యోమింగ్ 511, అంటే ఏ రోడ్డు మూశారో చెప్పే రోడ్ల శాఖ సమాచారం, చూడండి. మూసి ఉంటే ఆ రోజు వెస్ట్ ఎల్లోస్టోన్‌కి, తెరిచాక టీటన్‌కి. రోజులు తారుమారు చేసుకుంటే సరిపోతుంది.

ఇంకొక్క మాట. టీటన్ పాస్ ఎత్తు 8,431 అడుగులు, వాలు పది శాతం. అద్దె వ్యాన్‌లో ఆరుగురు, సామాన్లతో దిగేటప్పుడు బ్రేకు మీద కాలు వేసి ఉంచకండి. చిన్న గేరులో పెట్టండి. దిగేసరికి బ్రేకుల వాసన వస్తే ఆ వాసన మీ వ్యాన్‌దే.

యాష్టన్ నుంచి ఎల్లోస్టోన్ దక్షిణం గేటు దగ్గరున్న ఫ్లాగ్ రాంచ్‌కి అడవిలోంచి 52 మైళ్ల దారి ఒకటి మ్యాప్‌లో కనిపిస్తోంది. టీటన్ పాస్ గొడవే లేదు కదా! మీరు ఎప్పుడూ దాని గురించి చెప్పలేదేం?
- ఒక పాఠకురాలు, సియాటిల్

చెప్పకపోవడానికి కారణం మా అత్తగారు.

ఇక్కడికొచ్చిన కొత్తలో ఆవిడ మొదటిసారి మా ఇంటికి వచ్చారు. గ్రాండ్ టీటన్ పార్కులోని కోల్టర్ బేలో క్యాబిన్ దొరికింది. ఫోన్ చూస్తే జాక్సన్ చుట్టూ తిరిగే బదులు యాష్టన్ మీంచి వెళ్తే మైళ్లు తక్కువని చూపించింది. మైళ్లు చూశాం, పక్కనే ఉన్న గంటలు చూడలేదు. యాష్టన్ దాటాక కొంతదూరం బంగాళాదుంప పొలాల మధ్య రోడ్డు నున్నగా ఉంది. మా ఆయన ఈల వేస్తూ నడుపుతున్నారు. అడవి మొదలయ్యాక తారు అయిపోయింది. కంకర. తర్వాత మట్టి. ఆ మట్టి మీద బట్టలుతికే చెక్క మీదిలాగా అడ్డగీతలు, వాటి మీద కారు వెళ్తుంటే అద్దాలతో సహా అన్నీ గడగడలాడుతున్నాయి. గంటకి పదిహేను మైళ్లు దాటితే వెనక సీట్లో అత్తగారి కళ్లజోడు ముక్కు మీంచి జారిపోతోంది. ఆవిడ ఏమీ అనలేదు. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

ఇరవై మైళ్ల తర్వాత కుడి వెనక టైరు పోయింది. పక్కగోడ చీరుకుపోయింది, అతుకు పడే రకం కాదు. డిక్కీ తీస్తే స్టెప్నీ ఉంది, సన్నటిది, సైకిల్ చక్రానికి అన్నలాంటిది. దాని మీద యాభై మైళ్ల వేగం మించొద్దని రాసుంది. ఆ రోడ్డు మీద దాన్ని వేసుకుని ముందుకి పోయే ధైర్యం ఎవరికుంటుంది? ఫోన్లో సిగ్నల్ లేదు. అరగంటకి ఎదురుగా ఒక పికప్ వచ్చింది. నడిపే ఆయన దిగి మా స్టెప్నీని బూటు కొనతో ఒకసారి తట్టాడు. అందులో గాలి సగమే ఉంది. తన బండిలోంచి చిన్న పంపు తీసి గాలి కొట్టి, "వెనక్కి వెళ్లండి, ముందు ఇంకా పాడుగా ఉంది" అని, మేం తారు రోడ్డు ఎక్కేదాకా మా వెనకే నెమ్మదిగా వచ్చాడు. ఇరవై మైళ్లకి గంటన్నర పట్టింది. యాష్టన్‌లో టైరు దొరికేసరికి చీకటి పడింది. అప్పుడు నోరు విప్పారు అత్తగారు. "ఇంత దేశంలో తారు తక్కువొచ్చిందా అమ్మా?" అని.

మీరు చూసింది ఆ దారే. గ్రాసీ లేక్ రోడ్ అంటారు. ఎత్తుగా ఉండే బండి, మంచి టైర్లు, తోడు ఇంకో బండి ఉన్నవాళ్లు ఎండాకాలంలో సరదాగా వెళ్తారు. అద్దె కారులో వద్దు. చాలా అద్దె కంపెనీల ఒప్పందాల్లో తారు లేని రోడ్డెక్కితే బీమా వర్తించదని రాసి ఉంటుంది. సంతకం పెట్టేముందు ఆ పేజీ ఒక్కటి చదవండి.

ఇలాంటి దారిని ఇంట్లో కూర్చునే పట్టుకోవచ్చు. మైళ్లని గంటలతో భాగించండి. 52 మైళ్లకి రెండు గంటలపైన చూపిస్తే గంటకి పాతిక మైళ్లు. ఈ రాష్ట్రాల్లో తారు రోడ్డు మీద పాతిక మైళ్లతో వెళ్లేది ట్రాక్టరొక్కటే. తర్వాత మ్యాప్ పెద్దది చేసి ఆ గీతకి రాష్ట్ర హైవే నంబరుందో లేదో చూడండి. నంబరు లేకపోతే మంచు తీసేవాళ్లూ ఉండరు, గుంటలు పూడ్చేవాళ్లూ ఉండరు అనుకుని మొదలెట్టండి.

మే మొదటి వారంలో జాక్సన్‌లో మూడు రోజులు ఉంటాం. అక్కణ్నుంచి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కి ఎంతసేపు?
- ఒక పాఠకుడు, ఫీనిక్స్

వేసవిలో అయితే 97 మైళ్లు, రెండున్నర గంటలు. మే మొదటి వారంలో దక్షిణం గేటు మూసే ఉంటుంది. మామూలుగా అది మే రెండో శుక్రవారం తెరుస్తారు. పడమటి గేటు మాత్రం ఏప్రిల్ మూడో శుక్రవారానికే తెరుచుకుంటుంది, అందులోంచి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దాకా వెళ్లొచ్చు. కానీ జాక్సన్ నుంచి ఆ గేటుకి టీటన్ పాస్, యాష్టన్ మీదుగా సుమారు 130 మైళ్లు, లోపల మరో 30. పోనూ రానూ రోజంతా కారులోనే. మూడు రాత్రుల్లో ఒకటి వెస్ట్ ఎల్లోస్టోన్‌కి మార్చుకోండి. మిగతా రెండూ జాక్సన్‌లోనే ఉండి గ్రాండ్ టీటన్ చూడండి. లోపలి టీటన్ పార్క్ రోడ్డు మే 1న కార్లకి తెరుస్తారు, అప్పటికి జనం కూడా ఉండరు. మంచుని బట్టి ఈ తేదీలు అటూ ఇటూ అవుతాయి, బయల్దేరేముందు సరి చూసుకోండి.

పార్క్ మొత్తం మూసేస్తే ఏం చెయ్యాలి? అలా ఎప్పుడైనా జరిగిందా?
- ఒక పాఠకురాలు, చికాగో

జరిగింది. 2022 జూన్ 13న. కొండల మీద మంచు కరిగే రోజుల్లోనే పెద్ద వాన పడింది. గార్డినర్ నుంచి మామత్‌కి వెళ్లే ఉత్తరం గేటు రోడ్డుని నది అక్కడక్కడా కొరుక్కుతినేసింది. అయిదు గేట్లూ మూసి, లోపలున్న పదివేల మందికి పైగా జనాన్ని బయటికి పంపించేశారు.

ఆ వారమే మా మరిది కుటుంబం దిగింది. జూన్ 22న కింది సగం తెరిచారు, ఒక షరతుతో. కారు నంబరు చివరి అంకె సరి అయితే సరి తేదీల్లో, బేసి అయితే బేసి తేదీల్లో రానిస్తారు. మా మరిది అద్దె కారుది సరి, మా కారుది బేసి. అందరం ఒక కారులో పట్టం. ఒకరోజు వాళ్లు వెళ్లొచ్చి ఫొటోలు చూపిస్తే, మర్నాడు మేం వాళ్ల పిల్లల్ని మళ్లీ ఎక్కించుకుని వెళ్లాం. ఆ పిల్లలు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ రెండుసార్లు చూసి, "ఇది రోజూ ఇంతేనా?" అన్నారు. జూలై 2 నాటికి పై సగం కూడా చాలామటుకు తెరిచి ఆ సరి బేసి తీసేశారు.

ఉత్తరం గేటుకి 1880ల నాటి గుర్రబ్బండ్ల దారి ఒకటి కొండ మీద ఉంది. దాన్ని వెడల్పు చేసి తారు వేసి అక్టోబరు 30న తెరిచారు. ఇప్పుడు గార్డినర్ నుంచి లోపలికెళ్లేది దాని మీదే.

మీకు నేను చెప్పేదేమిటంటే, బస అంతా ఒకే గేటు దగ్గర పెట్టుకోకండి. రెండు గేట్ల దగ్గర సగం సగం పెట్టుకుంటే ఒకటి పోయినా ఒకటి మిగులుతుంది. పార్క్ వాళ్ల రోడ్డు కబుర్లు ఫోన్‌కి రావాలంటే 888-777 నంబరుకి 82190 అని మెసేజ్ పెట్టండి. రోడ్డు మూసినా తెరిచినా వాళ్లే చెప్తారు. లోపల చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి, పార్క్ సర్వీస్ యాప్‌లో ఎల్లోస్టోన్‌ని గది వై-ఫై మీదే దించుకోండి.

డిసెంబరు సెలవులకి డెన్వర్ నుంచి జాక్సన్ వెళ్లాలి. పోయినసారి లారమీలో ఐ-80 మూసేసి పద్నాలుగు గంటలు హోటల్ లాబీలో కూర్చోబెట్టారు. మ్యాప్‌లో పక్కనే 30వ నంబరు హైవే ఖాళీగా కనిపిస్తోంది. అది పట్టుకుంటే పోలా?
- ఒక పాఠకుడు, అరోరా

మీలాగే అనుకునేవాళ్లు ఆ రోజు లారమీలో వేలమంది ఉంటారు, అందులో సగం లారీలు. వాళ్లంతా మెడిసిన్ బో మీదుగా ఆ రెండు వరసల రోడ్డెక్కితే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే ఐ-80 మూసినప్పుడు చాలాసార్లు 30వ నంబరుని కూడా కలిపి మూసేస్తారు. గాలి ఇద్దరికీ ఒకటే కదా, అక్కడా మంచు అలాగే కొడుతుంది. రోడ్డుకి అడ్డంగా గేటు దించాక పక్కనుంచి దూరి పోదామనుకోకండి. వ్యోమింగ్‌లో మూసిన రోడ్డు మీద నడిపితే 750 డాలర్ల దాకా జరిమానా, నెల దాకా జైలు కూడా వెయ్యొచ్చు.

మీరు తేల్చుకోవాల్సింది లారమీలో కాదు, ఫోర్ట్ కాలిన్స్‌లో. అక్కడ కాఫీకి ఆగి 511 తెరవండి. లారమీ, రాలిన్స్ మధ్య ఎరుపు కనిపించినా, గాలికి తేలికపాటి పెద్ద బళ్లు వద్దన్న హెచ్చరిక కనిపించినా ఐ-25 వదలకండి. షయాన్, కాస్పర్, అక్కణ్నుంచి 20/26 మీద షొషోనీ, రివర్టన్, డుబోయిస్. ఆ తర్వాత టోగ్వొటీ పాస్ దిగితే మోరన్, అరగంటలో జాక్సన్. ఐ-80 మీదుగా వెళ్లే దారికంటే నలభై, యాభై మైళ్లు ఎక్కువ పడొచ్చు, లాబీలో పద్నాలుగు గంటల కంటే తక్కువే. టోగ్వొటీ ఎత్తు 9,658 అడుగులు, తుపానులో దాన్నీ మూస్తారు. మూస్తే డుబోయిస్‌లో ఆగండి. రాత్రిపూట ఆ కొండ ఎక్కొద్దు.

షొషోనీ దాటాక ఊళ్లు దూరం దూరం. రివర్టన్‌లో ట్యాంకు నింపించుకోండి, సగముందిలే అనుకోకుండా.

నాన్నగారికి ఘాట్ రోడ్లంటే భయం, బీపీ కూడా ఉంది. బిల్లింగ్స్‌లో దిగి బేర్‌టూత్ హైవే మీదుగా ఎల్లోస్టోన్ వెళ్దామని అన్నయ్య పట్టు. ఇంకో దారి లేదా?
- ఒక పాఠకురాలు, మిన్నియాపొలిస్

ఉంది, ఒకటి కాదు రెండు. మీ అన్నయ్యది తప్పని నేననను. బేర్‌టూత్ అందం నేను ఇంకెక్కడా చూడలేదు. కానీ అది 10,947 అడుగులకి ఎక్కుతుంది. కొండ అంచున మలుపు మీద మలుపు, పైన జూన్‌లో కూడా గోడల్లా మంచు. మే నెలాఖరున తెరిచి అక్టోబరు మధ్యలో మూసేస్తారు, మధ్యలో వేసవి తుపానొస్తే ఒకట్రెండు రోజులు మూస్తారు. మీరు ఇంట్లో అన్నయ్యతో గెలవకపోయినా వాతావరణం గెలిపించొచ్చు.

మధ్య రకం దారి చీఫ్ జోసెఫ్ హైవే, 296. కోడీకి ఉత్తరాన మొదలై 8,071 అడుగుల దగ్గర కొండ దాటి, బేర్‌టూత్ రోడ్డులోనే, పార్కు ఈశాన్యం గేటు బయటున్న కుక్ సిటీకి ముందు కలుస్తుంది. మలుపులు ఉన్నాయి, రోడ్డు వెడల్పు.

మీ నాన్నగారికైతే నేను మూడోది ఎంచుతాను. బిల్లింగ్స్ నుంచి కోడీ, అక్కణ్నుంచి షొషోనీ నది పక్కనే పార్క్ తూర్పు గేటుకి 50 మైళ్లు పైచిలుకు. కోడీ దాటగానే సొరంగాలు, వాటి పక్కన పెద్ద జలాశయం, ఆ తర్వాత లోయలో నదితో పాటే నడుస్తుంది దారి. గేటు దాటాక సిల్వన్ పాస్ ఒక్కటే ఎక్కాలి, 8,524 అడుగులు. అప్పుడు నాన్నగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి. వెనక సీట్లో కూర్చుంటే లోయే కనిపిస్తుంది, ముందు కూర్చుంటే రోడ్డు కనిపిస్తుంది. మా నాన్నతో నేను చేసింది అదే. ఆయన కొండ ఎక్కినంతసేపూ మా ఆయనకి డ్రైవింగ్ నేర్పించారు, భయపడే తీరిక లేకపోయింది. ఎత్తుకి వెళ్లొచ్చో లేదో మాత్రం బయల్దేరేముందు ఆయన డాక్టర్ని అడగండి.

అన్నయ్యకి బేర్‌టూత్ కావాలంటే తిరుగు ప్రయాణంలో ఒక్కడే వెళ్లి బిల్లింగ్స్‌లో కలవమనండి.

పోయిన నెల మీరు "నవంబరు మొదట్లో ఎల్లోస్టోన్‌లో కార్ల రోడ్లన్నీ మూసేస్తారు" అని రాశారు. తప్పు. గార్డినర్ నుంచి కుక్ సిటీ రోడ్డు ఏడాదంతా తెరిచే ఉంటుంది. నేను జనవరిలో తోడేళ్లని చూడ్డానికి ఆ రోడ్డు మీదే వెళ్తున్నాను. లమార్ లోయ చూసుకుని, కుక్ సిటీలో పడుకుని, మర్నాడు అటునుంచి అటే కోడీ వెళ్లి విమానం ఎక్కుతాను. 80 మైళ్లే కదా.
- ఒక పాఠకుడు, బోయిసీ

తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. ఆ ఒక్క రోడ్డు చలికాలమంతా కార్లకి తెరిచి ఉంటుంది. "అన్నీ" అని రాసి ఉండకూడదు. దిద్దినందుకు థాంక్స్.

కానీ బాబూ, కోడీ నుంచి విమానం టికెట్ కొనేశారా? కొనకపోతే ఆగండి. మీరు చెప్పిన రోడ్డు కుక్ సిటీలో ఆగిపోతుంది. ఊరికి తూర్పున కొన్ని మైళ్ల ముక్కకి చలికాలంలో మంచు తియ్యరు. అక్కడివాళ్లు దాన్ని 'ప్లగ్' అంటారు. సీసాకి బిరడాలాగా. ఆ ముక్క మీద స్నోమొబైళ్లు తిరుగుతాయి, కార్లు కాదు. దానికి అవతల చీఫ్ జోసెఫ్ హైవే తెరిచే ఉంటుంది, అందుకే మ్యాప్‌లో చూస్తే అంతా కలిసే ఉన్నట్టుంటుంది.

కుక్ సిటీ నుంచి జనవరిలో కోడీ వెళ్లాలంటే వచ్చిన దారినే గార్డినర్‌కి వెనక్కి రావాలి. అక్కణ్నుంచి లివింగ్‌స్టన్, ఐ-90 మీద బిల్లింగ్స్ వైపు, మళ్లీ దక్షిణానికి కోడీ. మీ 80 మైళ్లు మూడు వందలు దాటుతాయి. చలికాలపు రోడ్ల మీద ఒక రోజు పూర్తిగా పోతుంది. తిరుగు టికెట్ బోజ్‌మన్ నుంచి కొనుక్కోండి. గార్డినర్ నుంచి గంటన్నర. కుక్ సిటీలో పడుకోవాలని ఉంటే పడుకోండి, తెల్లవారుజామున లేచి లమార్ లోయలోంచే వెనక్కి వస్తారు కాబట్టి తోడేళ్లని చూసే అవకాశం రెండోసారి దొరుకుతుంది. వెళ్లేటప్పుడు గార్డినర్‌లోనే పెట్రోలు నింపించుకోండి.